గురి కుదిరిందా? కాగితాన్ని అడగండి!

పేరు సాల్మన్. చేప పేరు నదికి వచ్చింది, నది పేరు ఊరికి వచ్చింది. అమెరికా వాయవ్య దిక్కున ఇడాహో రాష్ట్రంలో, చుట్టూ కొండలున్న లోయలో ఉంటుందా ఊరు. జనాభా మూడువేల పైచిలుకు. మన లెక్కలో ఓ మోస్తరు పంచాయతీ. అక్కడ మాత్రం లెమ్హై కౌంటీకి ముఖ్యపట్టణం అదే! ఒక పెద్ద వీధి, నది మీద వంతెన, ఊరు దాటితే కొండలు. తూర్పున బీవర్‌హెడ్ పర్వతాలు. ఆ శిఖరాలకు ఇవతల పడ్డ చినుకు పసిఫిక్ సముద్రానికి పోతుంది. అవతల పడ్డది మిసిసిపీ దారి పడుతుంది.

ఈ నదికి ఇంకో పేరుంది. 'తిరిగిరాని నది'. భయపెట్టడానికి పెట్టిన పేరు కాదు. వెనకటికి చెక్కపడవల్లో సామాన్లు వేసుకుని ప్రవాహంతోపాటు దిగువకు పోయేవారు. సుడులు దాటి ఆ పడవ మళ్లీ ఎగువకు రావడం అసాధ్యం. అందుకని గమ్యం చేరాక పడవనే విప్పేసి కలప కింద వాడుకునేవారు. అమెరికా పడమటి తీరానికి దారి వెతుకుతూ వచ్చిన లూయిస్, క్లార్క్ బృందం 1805 ఆగస్టులో ఈ లోయకే చేరింది. ఈ నదీలోయ వెంట కొంతదూరం పోయి చూసిన క్లార్క్, 'ఇటు కుదరదు' అని వెనక్కి తిరిగాడు. ఆ బృందం వెంట చంటిబిడ్డను ఎత్తుకుని నడిచిన షోషోనీ తెగ యువతి సకాజవియా ఈ లోయ ఆడపడుచే. ఆమె పేరిట ఊళ్లో ఓ సాంస్కృతిక కేంద్రం ఉంది.

పడవల కోసం, చేపల కోసం వచ్చేవాళ్లు వీటిని చూసి వెళ్లిపోతారు. ఇంకో రకం వాళ్లకూ ఈ ఊరి పేరు బాగా తెలుసు. వాళ్ల ఇంటి షెడ్డులో ఓ మూల సీసం కరిగించే పాత్ర ఉంటుంది. బల్లమీద ఇనుప అచ్చు, చిన్న త్రాసు, గీతలు గీసిన నోటుపుస్తకం ఉంటాయి. రివాల్వర్‌కు తూటాలు సొంతంగా తయారు చేసుకుని, అవి ఎంత గురిగా పోతాయో పరీక్షించి చూసుకోవడం వాళ్ల వ్యాపకం. వాళ్లలో చాలామందికి గురువు లాంటివాడు ఎల్మర్ కీత్. ఆయన ఊరు సాల్మన్.

పేలిన తుపాకీ నేర్పిన చదువు

కీత్ 1899లో మిస్సోరీ రాష్ట్రంలోని హార్డిన్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం మోంటానాకు తరలివచ్చింది. పన్నెండేళ్ల ప్రాయంలో మిసౌలాలో వాళ్లున్న హోటల్ తగలబడింది. ఒళ్లంతా కాలి, ఎడమ చేయి వంకర తిరిగింది. బతకడమే గొప్పనుకున్న ఆ కుర్రాడు పెద్దయ్యాక పశువుల కాపరిగా, గుర్రాల మీద సామాన్లు మోయించేవాడిగా, వేటగాళ్లకు దారి చూపేవాడిగా పనిచేశాడు. సాల్మన్‌కు దిగువన నార్త్ ఫోర్క్ దగ్గర పొలం చేశాడు. పెద్ద టోపీ, నోట్లో చుట్ట, నడుముకు రివాల్వర్. అచ్చం సినిమాలో కౌబాయ్! కాకపోతే ఈయన రాత్రిళ్లు లాంతరు ముందు కూర్చుని పత్రికలకు వ్యాసాలు రాసే కౌబాయ్.

ఆ రాత మొదలైన తీరు చిత్రమైనది. 1925 జులై 4. అమెరికా స్వాతంత్య్ర దినోత్సవం. సంబరంగా గాల్లోకి కాల్చాడు కీత్. చేతిలోని పాత కోల్ట్ రివాల్వర్ సిలిండర్ పైసగం ఎగిరిపోయింది. రైఫిల్ కోసం చేసిన బరువైన సీసపు బుల్లెట్లను రివాల్వర్ తూటాల్లో దిగ్గొట్టి, కింద మందు దట్టించడమే ఆయన చేసిన పని. మనిషి బతికి బయటపడ్డాడు. మరొకడైతే ఆ ముక్కల్ని నదిలో పారేసి గప్‌చుప్‌గా ఉండేవాడే. కీత్ మాత్రం జరిగింది జరిగినట్లు 'అమెరికన్ రైఫిల్‌మన్' పత్రికకు రాసి పంపాడు. అచ్చయింది. అక్కడి నుంచి దాదాపు అరవై ఏళ్లపాటు ఆ కలం ఆగలేదు.

అప్పటిదాకా ఆయనకిష్టమైన .45 సైజును పక్కనబెట్టాడు. సిలిండర్ గోడలు కాస్త మందంగా మిగిలే .44 సైజుకు మారాడు. ఇక అసలు వెతుకులాట మొదలైంది. ఏ బుల్లెట్ దూరానికీ తిన్నగా పోతుంది? తగిలినచోట ఏది సరిగ్గా పనిచేస్తుంది? అచ్చు తానే గీసుకున్నాడు. ముక్కు చదునుగా, భుజాలు పదునుగా ఉండి, నడుము చుట్టూ కొవ్వు పట్టడానికి లోతైన గాడి ఉండే బుల్లెట్ అది. బరువు సుమారు 16 గ్రాములు, అంటే రెండు కాసుల ఎత్తు. 1920ల చివర్లో వచ్చిన ఆ అచ్చు నంబరు 429421. దాదాపు వందేళ్లయినా సీసం పోసేవాళ్లకు ఆ అంకెలు ఫోన్ నంబరులా నోటికొస్తాయి!

కళాయి తగరం... కంపోజింగ్ సీసం

తూటాను, బుల్లెట్‌ను చాలామంది ఒకటే అనుకుంటారు. మొత్తం వస్తువు తూటా. అందులో ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, మూతిలో బుల్లెట్ ఉంటాయి. కాల్చినప్పుడు బయటికి దూసుకుపోయేది బుల్లెట్ ఒక్కటే. ఇత్తడి గొట్టం రివాల్వర్‌లోనే మిగిలిపోతుంది. దాన్ని శుభ్రం చేసి, సాగిన గొట్టాన్ని మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ అమర్చితే మరో తూటా. ఖరీదైన ఇత్తడి మళ్లీ మళ్లీ పనికొస్తుంది. దుకాణం వందమైళ్ల అవతల, జేబులో డాలర్లు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో లోయలోని పశువుల కాపరులకు ఇది సరదా కాదు, అవసరం.

ఇక సీసం. ఒట్టి సీసం మెత్తన. గోరుతో గీస్తే గీత పడుతుంది. రివాల్వర్ గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లుంటాయి. బుల్లెట్‌ను బొంగరంలా తిప్పేవి అవే. మరీ మెత్తటి సీసమైతే ఆ గాళ్లను పట్టుకోలేక జారిపోతుంది. అందుకని అందులో తగరం కలుపుతారు. మన వీధుల్లో ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాళ్లు వాడే తగరమే. పదహారు పాళ్ల సీసానికి ఒక పాలు తగరం... కీత్‌కు నచ్చిన లెక్క ఇది.

ఇంకా గట్టిది కావాలంటే? లైనోటైప్ లోహం! ఒకప్పుడు వార్తాపత్రికల కంపోజింగ్ యంత్రాలు వరుసలు వరుసలుగా అక్షరాలు పోతపోసిన లోహం అది. సీసంలో ఆంటిమొని ఓ 12 శాతం, తగరం 4 శాతం ఉంటాయి. కంప్యూటర్లొచ్చి అచ్చాఫీసుల్లోని ఆ యంత్రాలు మూలబడ్డాక అమెరికాలో దాన్ని తూకానికి అమ్మేశారు. కొన్నవాళ్లలో బుల్లెట్లు పోసుకునేవాళ్లు బోలెడుమంది. నిన్నటి పతాకశీర్షిక నేడు కొండగట్టులో దిగబడిందన్నమాట. ఆ నిల్వలూ తరిగిపోయాయి. తర్వాత దిక్కు టైర్ల దుకాణం. చక్రాలు అదరకుండా అంచుకు తగిలించే సీసపు ముక్కలు. కొన్ని రాష్ట్రాలు వాటినీ నిషేధించాక ఇనుపవి, జింకువి వస్తున్నాయి. పొరపాటున నాలుగు జింకు ముక్కలు పాత్రలో కరిగాయంటే మొత్తం సీసం చెడుతుంది. అచ్చులో సరిగా నిండదు. అందుకే అనుభవమున్నవాళ్లు మంట మరీ పెంచరు. సీసం 327 డిగ్రీల సెంటీగ్రేడ్‌కే కరుగుతుంది, జింకుకు 420 దగ్గరకు పోవాలి. కరగకుండా పైకి తేలిన ముక్కను గరిటెతో తీసి పారేస్తారు.

అచ్చు చల్లగా ఉంటే బుల్లెట్ ముడతలు పడుతుంది. మరీ వేడెక్కితే మంచు పట్టినట్లు తెల్లబడుతుంది. పైకి నున్నగా మెరుస్తున్నా కడుపులో గాలిబుడగ ఉండొచ్చు. దాన్ని పట్టేది త్రాసే. బంగారం కొట్టులోలా ఒక్కోదాన్నీ తూచి, తేలికపడ్డవాటిని తిరిగి పాత్రలో వేసేస్తారు. నచ్చనివాటిని మళ్లీ కరిగించుకోవచ్చు కాబట్టి ఈ పనిలో పిసినారితనం పనికిరాదు.

మందు దగ్గర మాత్రం ఎవరి తెలివీ చెల్లదు. ఏ బుల్లెట్‌కు ఏ మందు ఎంత అన్నది తయారీదారులు పరీక్షించి ముద్రించిన పట్టికల్లో ఉంటుంది. దాన్ని దాటితే 1925 జులై 4 పునరావృతమే. పట్టిక పాటించినా పరధ్యానం ఉందంటే కష్టమే. ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పడితే రివాల్వర్ బద్దలవుతుంది. అసలే పడకపోతే బుల్లెట్ గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. అది గమనించక రెండోది కాలిస్తే అంతే సంగతులు. అందుకే మందు పోశాక యాభై గొట్టాలనూ దీపం కింద వరుసగా చూస్తారు. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ పలకరించకూడదు!

ఆరు గదులు, ఆరు గుణాలు

తూటా తయారైంది. మరి అది మంచిదేనా? ఊరి బయట కొండవాలు దగ్గర తేలేది ఇదే. లెమ్హై కౌంటీలో ఎక్కువభాగం ప్రభుత్వ అడవులు, బంజర్లు. వెనకాల మట్టిగట్టు ఉండి, దారులకు, మనుషులకు దూరంగా ఉన్నచోట నిబంధనలకు లోబడి గురి సాధన చేసుకోవచ్చు. చెక్కచట్రానికి కాగితం బిగిస్తారు. దూరం సాధారణంగా 25 గజాలు. క్రికెట్ పిచ్ కంటే మూడు గజాలు ఎక్కువ, అంతే. 'ఓస్, ఇంతేనా' అనిపిస్తుంది కదూ? ఓ చిన్న లెక్క చూడండి. రివాల్వర్ మీద ముందున్న సూదికి, వెనకున్న గాడికి మధ్య దూరం ఇరవై సెంటీమీటర్లనుకుందాం. ఆ రెండింటి పొందికలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే 25 గజాల దగ్గర బుల్లెట్ దాదాపు 11 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అరచేయంత తప్పు!

అంటే, కాగితం మీద చిల్లులు చెల్లాచెదురుగా పడ్డాయంటే తప్పు తూటాది కావచ్చు, రివాల్వర్‌ది కావచ్చు, మనిషిది కావచ్చు. ఈ ముగ్గురు ముద్దాయిల్లో దొంగ ఎవరో తేల్చడమే పరీక్ష. మొదట మనిషిని పక్కకు తప్పించాలి. బల్లమీద ఇసుక సంచులు వేసి, రెండు చేతులూ వాటిమీద ఆనించి కాలుస్తారు. రివాల్వర్ గొట్టాన్ని గట్టి చెక్కమీద ఆనిస్తే మాత్రం ఎగిరి గురి మారిపోతుంది. ఇంకా నిక్కచ్చి కావాలనుకునేవాళ్లు రాన్సమ్ రెస్ట్ అనే యంత్రం కొనుక్కుంటారు. రివాల్వర్ పిడిని బిగించి పట్టుకుని, కాల్చిన ప్రతిసారీ మళ్లీ అదే చోటికి తెచ్చే ఇనుపచెయ్యి అది. దానికి గుండెదడ ఉండదు, రాత్రి నిద్రలేమి ఉండదు.

యంత్రం లేనివాళ్లకు ఓ పాత పద్ధతుంది. గుండు పేలిన క్షణంలో సూది ఎక్కడుందో గుర్తుంచుకుని, కాగితం వంక చూడకముందే 'కుడివైపు, కాస్త కిందకు' అని చెప్పేయాలి. పక్కనున్నవాడు దుర్భిణీలో చూసి రాసుకుంటాడు. చెప్పినచోటే చిల్లు పడితే తప్పు చేతిది. 'నడిమధ్య' అన్నాక చిల్లు మూడంగుళాల అవతల తేలితే అప్పుడు తూటానో, రివాల్వర్‌నో అనుమానించాలి. వినడానికి తేలికే. తన తప్పును చూడకముందే ఒప్పుకోవడం ఎంతమందికి చేతనవుతుంది?

రివాల్వర్‌ది మరో గమ్మత్తు. రైఫిల్‌కు తూటా కూర్చునే గది ఒక్కటే. రివాల్వర్ సిలిండర్‌లో ఆరుంటాయి. ఆరూ కవలపిల్లలేం కాదు. ఒక గది మూతి అంగుళంలో వెయ్యోవంతు బిగువుగా ఉండొచ్చు. తల వెంట్రుక మందంలో మూడోవంతు తేడా. సీసానికి అది చాలు. బిగువు గదిలోంచి వచ్చిన బుల్లెట్ నలిగి సన్నబడి, గొట్టంలో వదులైపోతుంది. మరో గది గొట్టానికి ఎదురుగా సరిగ్గా వచ్చి ఆగకపోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు ఆరు గదులకూ అంకెలు వేసుకుంటారు. ఏ చిల్లు ఏ గదిదో రాసుకుంటారు. ఐదు చిల్లులు రూపాయి బిళ్లంత మేర పడి, ఆరోది ప్రతిసారీ దూరంగా పోతోందా? అది నాలుగో నంబరు గదిదేనా? అయితే తూటాను ఆడిపోసుకోవడం మానేసి ఆ గదిని తుపాకుల మెకానిక్కుకు చూపించాలి. ఒక్కో గదికి కనీసం ఐదు చిల్లులు లేనిదే ఏమీ తేలదు. ఆరైదులు ముప్ఫై. ఒక్క రకం మందు, ఒక్క రకం బుల్లెట్ సంగతి తేలడానికే ఇన్ని! మందు మార్చితే మళ్లీ మొదటికి. రెండూ ఒకేసారి మార్చినవాడి నోటుపుస్తకం చిత్తుకాగితమే.

పెద్ద మోసం ఇంకోటుంది. ఐదు కాలిస్తే ఒక్కోసారి ఐదూ ఒకేచోట పడతాయి. అదృష్టం. ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుని కనపడ్డవాడికల్లా చూపించేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మిగతా తొమ్మిది కాగితాలు చెత్తబుట్టలో ఉంటాయి. పది కాగితాలనూ దాచి, అన్నింటి సగటునూ రాసుకునేవాడి మాటే నమ్మదగ్గది. సీసంతో మరో పేచీ కూడా ఉంది. మైనం, కొవ్వు సరిగా పట్టకపోతే గొట్టం లోపల సీసం పొరలా అంటుకుంటుంది. మొదటి పన్నెండు గుళ్లు బంగారంలా పోతాయి. ఇరవై దాటాక చెదరడం మొదలవుతుంది. ఒక్కోసారి కాగితం మీద గుండ్రటి చిల్లుకు బదులు తాళంచెవి కన్నంలా పొడుగు చిల్లు పడుతుంది. బుల్లెట్ పల్టీలు కొడుతూ వెళ్లిందని అర్థం. పన్నెండు కాల్చి ఇంటికెళ్లినవాడికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఆరువందల గజాల తగవు

కీత్ ఈ లెక్కల మనిషి అనుకుంటే పొరపాటు. కాగితం కంటే కొండ మీది బండరాళ్లే ఆయనకు ఇష్టం. వీపు వెనక్కి ఆనించి కూర్చుని, రెండు చేతులూ కలిపి పట్టుకుని, వందల గజాల అవతలి రాతిని కొట్టేవాడు. ఎండిన నేలమీద ధూళి లేస్తే గుండు ఎక్కడ పడిందీ తెలిసిపోయేది. 1936లో రివాల్వర్ తూటాల మీదే ఓ పుస్తకం రాశాడు. పెద్ద పెద్ద కంపెనీల వెంటపడి, శక్తిమంతమైన .44 తూటా తయారు చేయమని ఏళ్ల తరబడి పోరాడాడు. చివరకు స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ కంపెనీలు 1955-56లో .44 మాగ్నమ్‌ను తెచ్చాయి. 1971లో 'డర్టీ హ్యారీ' సినిమాలో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో మెరిసింది ఆ తూటాకు చేసిన రివాల్వరే.

తగవల్లా ఒక్క దగ్గర వచ్చింది. వేరొకరు గాయపరిచిన దుప్పిని తాను ఆరువందల గజాల దూరం నుంచి రివాల్వర్‌తో పడగొట్టానని ఆయన రాశాడు. ఒకే తూటాతో కాదులెండి. అయినా ఆరువందల గజాలంటే అరకిలోమీటరు పైమాటే! నమ్మినవాళ్లు నమ్మారు, నవ్వినవాళ్లు నవ్వారు. ఆయన పోయి నలభై ఏళ్లు దాటినా ఆ వాదన చల్లారలేదు. తటస్థంగా చూస్తే ఓ మాట చెప్పుకోవాలి. ఆయన బుల్లెట్ గొప్పదనానికి రుజువు ఆ దుప్పి కాదు. ఎందరో ఆ అచ్చుతోనే పోతపోసి, ఎన్నో రివాల్వర్లలో కాల్చి, దాచిపెట్టుకున్న కాగితాలే. పైగా గురి కుదరని తూటాతో వేటకు వెళితే నష్టపోయేది కాల్చినవాడు కాదు. గాయంతో అడవిలోకి పరుగెత్తిన జంతువు. కాబట్టి యాభై గజాల్లో కాగితం మీద పళ్లెమంత మేర చిల్లులు పడే మనిషి, యాభై గజాల్లోని జంతువును కాల్చకూడదు. ఈ లోయలో మర్యాదస్తులైన వేటగాళ్ల కొలబద్ద అది.

సీసం విషం కూడా. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. సీసం ముక్కలున్న కళేబరాలు తిని కాండోర్ రాబందులు చచ్చిపోవడం అందుకు ఓ పెద్ద కారణం. ఇడాహోలో అలాంటి సంపూర్ణ నిషేధం లేదు. కానీ పోతపోసేవాళ్లకు ఇంట్లో నిబంధనలున్నాయి. వంటగదిలో కరిగించకూడదు. గాలి ఆడాలి. పని మధ్యలో తినకూడదు, చుట్ట కాల్చకూడదు. చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. జాగ్రత్తపరులు డాక్టరు దగ్గర రక్తంలో సీసం ఎంతుందో కూడా చూపించుకుంటారు. చెమట చుక్క పడ్డా కరిగిన సీసం చిటపటమని ఎగజిమ్ముతుంది కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. (మన దేశంలో ఇదంతా చదువుకుని ఊరుకోవాల్సిందే. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.)

2020-21లో కరోనా కాలాన అమెరికా దుకాణాల్లో తూటాలు దొరకలేదు. 'మాకేం, ఇంట్లోనే చేసుకుంటాం' అనుకున్న సీసం పోతగాళ్లూ ఇరుకున పడ్డారు. సీసం ఉంది, ఇత్తడి ఉంది, ప్రైమర్లు మాత్రం లేవు. అవి ఇంట్లో తయారయ్యేవి కావు మరి. ఉన్న కొద్దిపాటి వాటితో కాల్చడం తగ్గించి, ఒక్కో గుండునూ ఆచితూచి వాడుకున్నారు.

చూడాలంటే...

కీత్ 1984లో కన్నుమూశాడు. ఆయన రివాల్వర్ల కోసం సాల్మన్‌లో వెతికితే దొరకవు. కొన్నేళ్లు రాష్ట్ర రాజధాని బోయిసీలోని ఓ పెద్ద దుకాణంలో ప్రదర్శనకు ఉంచారు. 2015లో మెయిన్ రాష్ట్రంలో వేలం వేశారు. ఆయన 1920ల చివర్లో ముచ్చటపడి చేయించుకున్న 'నంబర్ 5' రివాల్వర్ ఒక్కటే 80 వేల డాలర్లకు పైగా పలికింది. ఊళ్లో మిగిలింది ఆ కొండలు, నది, మట్టిగట్ల వెంట తవ్వుకునేవాళ్లు. అవును, తవ్వుకుంటారు! కాల్చిన సీసాన్ని జల్లెడ పట్టి, ఇంటికి తీసుకెళ్లి, మళ్లీ పాత్రలో వేస్తారు.

సాల్మన్‌కు రైలు లేదు. మోంటానాలోని మిసౌలా నుంచి 93వ నంబరు హైవే మీద దక్షిణంగా సుమారు 225 కిలోమీటర్లు రావాలి. దారిలో లాస్ట్ ట్రెయిల్ కనుమ రెండువేల మీటర్ల పైన ఉంటుంది, చలికాలంలో మంచు ముంచెత్తుతుంది. ఎల్లోస్టోన్ చూడటానికి వెళ్లే తెలుగు కుటుంబాలకైతే ఐడహో ఫాల్స్ నుంచి దారి అనుకూలం, సుమారు 260 కిలోమీటర్లు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నది మీద పడవలు నడుస్తాయి. నార్త్ ఫోర్క్ ఊరి నుంచి 33 కిలోమీటర్లు దిగువన, అదే హైవే పక్కనే ఉంటుంది. కొండవాలు మీద నడిచేటప్పుడు 'ఠాప్... ఠాప్' అని ఆగి ఆగి ఆరుసార్లు వినిపిస్తే కంగారుపడకండి. చప్పుడు వచ్చే వైపు మాత్రం వెళ్లకండి. అక్కడెవరో కాగితం దగ్గరకు నడిచి వెళ్లి, అంగుళాల టేపు పట్టుకుని ఉంటారు.